బొమ్మలు గీసే టాబ్లెట్: స్క్రీన్ ఉన్నది కొనాలా, లేనిది సరిపోతుందా?



ఈమధ్య పేరెంట్స్ మీటింగుల్లో మార్కుల సంగతి అయిపోయి, కుర్చీలోంచి లేవబోతూ చాలామంది నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటే. "మేడం, మావాడు డిజిటల్ ఆర్ట్ అంటున్నాడు. ఆన్‌లైన్‌లో చూస్తే మూడు వేలకీ ఉంది, ముప్పై వేలకీ ఉంది. రెండూ బొమ్మల టాబ్లెట్లే అంటున్నారు. ఏది కొనమంటారు?"

ఈ ప్రశ్నకి ఒకసారి నేను తొందరపడి తప్పు జవాబు చెప్పాను. ముందు అది చెబితేనే మిగతాది అర్థమవుతుంది.

అప్పుడు ఆ అమ్మాయి ఎనిమిదో తరగతి. లెక్కల నోటుబుక్కు చివరి పేజీల నుంచి బస్ పాస్ కవర్ దాకా అన్నిటిమీదా బొమ్మలే. వాళ్ల నాన్నగారు నిలబడే అడిగారు, నేనూ నిలబడే చెప్పాను: "స్క్రీన్ మీదే గీసేదైతే పిల్లలకి సులువండీ." ఆయన నా మాట మీద పదమూడు అంగుళాల స్క్రీన్ టాబ్లెట్‌ని వాయిదాల మీద కొన్నారు. ఇంటికి తెచ్చాక తెలిసింది, అది ఒంటరిగా పనిచేయదని, లాప్‌టాప్‌కి తగిలించాలని. ఇంట్లో ఉన్న ఒక్క లాప్‌టాప్ అన్నయ్య ఇంజనీరింగ్ చదువుకి. రాత్రి తొమ్మిదింటికి అది ఖాళీ అయితే, మూడు వైర్లు కలిపి, డ్రైవర్ సరిచేసేసరికి పాపకి నిద్రవేళ.

సంక్రాంతి సెలవులు అయ్యాక ఏం గీశావమ్మా అని అడిగాను. కాసేపు తల దించుకుని, "అంత ఖరీదైన దానిమీద పిచ్చిగీతలు గీస్తే నాన్న చూస్తారని భయం మేడం" అంది. అంతకుముందు ఏ కాగితం దొరికితే దానిమీద పిచ్చిగీతలు గీసిన పిల్ల అది. నోటుబుక్కుల చివరి పేజీలు కూడా ఖాళీ అయిపోయాయి.

అప్పటి నుంచి ఈ ప్రశ్నకి నిలబడి జవాబు చెప్పడం మానేశాను. ఇది కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకుందాం

"టాబ్" అనే మాటలో మూడు వేరువేరు వస్తువులు కలిసిపోయాయి.

మొదటిది స్క్రీన్ లేని పెన్ టాబ్లెట్. చూడటానికి పలకలా ఉంటుంది, నల్లటి ప్లాస్టిక్ పలక. మన చిన్నప్పటి పలకలాగే దీనికీ ఓ చట్రం ఉంటుంది కానీ గీసింది పలక మీద కనిపించదు. లాప్‌టాప్‌కి తగిలించి పలక మీద పెన్నుతో గీస్తే, గీత లాప్‌టాప్ స్క్రీన్ మీద పడుతుంది. చేయి ఇక్కడ, చూపు అక్కడ. వాకమ్, హుయాన్, ఎక్స్‌పీ పెన్ కంపెనీల చిన్న సైజు పలకలు సుమారు మూడు వేల నుంచి ఐదు వేలలో దొరుకుతున్నాయి.

రెండోది స్క్రీన్ ఉన్న పెన్ డిస్‌ప్లే. దీనిమీదే బొమ్మ కనిపిస్తుంది, దానిమీదే గీస్తాం. కానీ ఇది కంప్యూటర్ కాదు. టీవీకి సెట్‌టాప్ బాక్స్ ఎలాగో, దీనికి లాప్‌టాప్ అలాగ. అది లేకపోతే వట్టి అద్దం. పన్నెండు, పదమూడు అంగుళాలవి సుమారు ఇరవై వేలకి అటూ ఇటూ మొదలై ఎంతదాకైనా వెళ్తాయి.

మూడోది ఐప్యాడ్, శాంసంగ్ టాబ్‌ల వంటివి. వీటిలో కంప్యూటర్, స్క్రీన్, బ్యాటరీ అన్నీ ఒకదాంట్లోనే ఉంటాయి. పెన్ను కొన్నిటికి పెట్టెలోనే వస్తుంది, కొన్నిటికి విడిగా కొనాలి. ఇంట్లో ఇప్పటికే ఐప్యాడ్ ఉన్నవాళ్లు ఈ వ్యాసం ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు. మీ ఐప్యాడ్ మోడల్‌కి ఏ ఆపిల్ పెన్సిల్ పనిచేస్తుందో కనుక్కుని (అన్ని పెన్సిళ్లూ అన్ని ఐప్యాడ్‌లకీ పనిచేయవు) అదొక్కటే కొనండి. ఒకసారి డబ్బు కట్టే ప్రోక్రియేట్ యాప్ పిల్లలకి చాలు. ఐప్యాడ్ లేనివాళ్లు కేవలం బొమ్మల కోసం దాన్ని కొనే ముందు ఒక్కటి గుర్తుంచుకోండి. బొమ్మలు గీసే వస్తువులోనే యూట్యూబూ, ఆటలూ ఉంటాయి. పలకలో ఉండవు. నాకు పలక అంటే ఇష్టం ఉండటానికి ఇదీ ఒక కారణం.

పెన్ను ఎలా పనిచేస్తుంది?

పలక లోపల సన్నని తీగల అల్లిక ఉంటుంది. అది బలహీనమైన విద్యుదయస్కాంత సంకేతాన్ని పంపుతుంది. పెన్ను లోపలి చిన్న తీగచుట్ట ఆ సంకేతానికి స్పందించి తిరిగి పంపుతుంది. ఏ తీగల దగ్గర స్పందన బలంగా ఉందో చూసి, పెన్ను ఎక్కడుందో పలక లెక్క కడుతుంది. అందుకే ఈ పెన్నులకి బ్యాటరీ అక్కర్లేదు, ఛార్జింగ్ అక్కర్లేదు. జపాన్‌లో 1983లో మొదలైన వాకమ్ కంపెనీ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. ఇప్పుడు మిగతా కంపెనీలూ ఇలాంటివే ఇస్తున్నాయి. పిల్లలకి ఫిజిక్స్‌లో విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం చెప్పేటప్పుడు ఈ పెన్ను చూపించవచ్చని మా ఫిజిక్స్ సార్‌కి చాలాసార్లు చెప్పాను.

పెన్ను మొన ఎంత గట్టిగా నొక్కితే గీత అంత లావుగానో, ముదురుగానో వస్తుంది. దీన్నే ప్రెషర్ లెవెల్స్ అంటారు. డబ్బా మీద 2048, 4096, 8192, ఈమధ్య 16384 అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ అంకెని చూసి డబ్బు ఎక్కువ పెట్టకండి. పిల్లల చేతికి 2048కీ 8192కీ తేడా తెలియదు. నా చేతికీ తెలియదు. తెలిసే విషయం వేరే ఉంది. మెల్లగా, పెన్ను బరువు మాత్రమే ఆనేలా గీసినప్పుడు గీత పడుతోందా, లేక గట్టిగా నొక్కితేగానీ పడటం లేదా? అది అంకెల్లో దొరకదు, గీసి చూడాల్సిందే.

చేయి ఇక్కడ, చూపు అక్కడ: ఇది నిజంగా కష్టమా?

తల్లిదండ్రులకి స్క్రీన్ లేని దానిమీద ఉన్న అసలు అనుమానం ఇదే. "చూడకుండా ఎలా గీస్తారు మేడం?"

పిల్లలు చూస్తూనే గీస్తారు. చేతిని కాదు, గీతని చూస్తారు. మౌస్ వాడేటప్పుడు మనలో ఎవరమూ మౌస్ వైపు చూడం కదా. అయితే మౌస్‌కీ దీనికీ ఒక తేడా ఉంది. మౌస్‌ని ఎత్తి వేరే చోట పెడితే బాణం గుర్తు కదలదు. పలక అలా కాదు. పలక ఎడమ పైమూల ఎప్పుడూ స్క్రీన్ ఎడమ పైమూలే, పలక నడిమధ్య ఎప్పుడూ స్క్రీన్ నడిమధ్యే. ఈ లెక్క చేతికి అలవాటు కావాలి. మా క్లాసులో చూసినంతవరకు మొదటి రెండు రోజులు విసుగు, వారం దాటాక మామూలు, రెండు మూడు వారాలకి ఆ తేడా ఉన్నట్టే మర్చిపోతారు. పెద్దవాళ్లకే ఎక్కువ సమయం పడుతుంది.

చరిత్రలో ఓ తమాషా కూడా ఉంది. స్క్రీన్ మీద నేరుగా గీయడమే కొత్తదనీ, పలక పాతదనీ అనుకుంటాం. 1963లో అమెరికాలోని ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ చేసిన స్కెచ్‌ప్యాడ్‌లో లైట్ పెన్‌తో స్క్రీన్ మీదే గీసేవారు. ర్యాండ్ సంస్థవారి పలక వచ్చింది ఆ తర్వాత, 1964లో. నిలువు స్క్రీన్ ముందు చేయి గాల్లో ఎత్తి ఉంచడం కంటే, బల్ల మీద చేయి ఆనించి గీయడం హాయి.

అలవాటు చేయడానికి నేను పిల్లలచేత మొదట బొమ్మలు వేయించను. ముగ్గులు వేయిస్తాను. ఐదు చుక్కలు, ఐదు వరుసలు. మొదటి రోజు చుక్కలు పెట్టడమే. అనుకున్న చోట చుక్క పడాలి, అంతే. రెండో రోజు చుక్కల్ని సరళరేఖలతో కలపడం. ఒక చుక్క దగ్గర పెన్ను పెట్టి, కళ్లు చేరవలసిన చుక్క మీద ఉంచి, ఒక్క ఊపులో గీయాలి. మధ్యలో ఆగితే వెనక్కి వెళ్లి మళ్లీ. మూడో రోజు నుంచి మెలికల ముగ్గు, చుక్కల చుట్టూ ఆగకుండా తిరిగే గీత. ఇదయ్యాక తమ పేరుని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయమంటాను. మన లిపిలో ఉన్నన్ని గుండ్రాలు చేతికి మంచి వ్యాయామం. అ, ఇ, ఋ వంకర లేకుండా వచ్చాయంటే మనిషి ముఖం గీయడానికి చేయి సిద్ధమైనట్టే. రోజుకి పదిహేను నిమిషాలు చాలు, అంతకుమించి వద్దు.

బాపు బొమ్మల్ని తెలుగువాళ్లు గుర్తుపట్టేది రంగుని బట్టి కాదు, గీతని బట్టి. తడబాటు లేని ఒక్క గీత. పలక మీద సాధన చేసిన పిల్లలు చేతిని చూసుకోవడం మానేసి గీత ఎటు వెళ్తోందో చూడటం నేర్చుకుంటారు. ఇది కాగితం మీద కూడా పనికొస్తుంది.

సున్నా గీస్తే గుడ్డు వస్తోందా?

"కొన్నాం మేడం, కానీ సున్నా గీస్తే కోడిగుడ్డులా వస్తోంది, పాపకి చేయి కుదరడం లేదు" అని ఒక అమ్మగారు బాధపడ్డారు. పాప చేయి బాగానే ఉంది. లెక్కే కుదరలేదు. ఇది మీ పిల్లలతో కలిసి చేయదగ్గ మంచి లెక్క.

చిన్న పలక మీద గీసే జాగా సుమారు 160 మిల్లీమీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల ఎత్తు. లాప్‌టాప్ స్క్రీన్ 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు అనుకుందాం. వెడల్పులో ఒక మిల్లీమీటరుకి 1920ని 160తో భాగిస్తే 12 చుక్కలు. ఎత్తులో 1080ని 100తో భాగిస్తే 10.8 చుక్కలు. పలక మీద 50 మిల్లీమీటర్ల సున్నా గీస్తే, స్క్రీన్ మీద అది 600 చుక్కల వెడల్పు, 540 చుక్కల ఎత్తు అవుతుంది. అదే గుడ్డు. పలక డ్రైవర్ సెట్టింగ్స్‌లో గీసే జాగాని 160కి 90 చేయండి. ఇప్పుడు రెండువైపులా 12 వస్తుంది, సున్నా సున్నాలాగే ఉంటుంది. కింద పది మిల్లీమీటర్లు వృథా అవుతాయి, ఫర్వాలేదు. కొన్ని డ్రైవర్లలో నిష్పత్తిని స్క్రీన్‌కి సరిపెట్టే ఆప్షన్ ఉంటుంది, ఒక్క టిక్‌తో అయిపోతుంది.

సైజు ఎంచుకోవడానికీ ఇలాంటి లెక్కే. 15.6 అంగుళాల లాప్‌టాప్ స్క్రీన్ వెడల్పు సుమారు 34.5 సెంటీమీటర్లు. 16 సెంటీమీటర్ల పలక మీద చేయి ఒక సెంటీమీటరు కదిలితే స్క్రీన్ మీద రెండు సెంటీమీటర్ల పైన కదులుతుంది. చేతి వణుకు కూడా అంతే పెరుగుతుంది. మీడియం పలక సుమారు 25 సెంటీమీటర్లు. దానిమీద ఒక సెంటీమీటరుకి స్క్రీన్ మీద ఒకటిన్నర లోపే. టేబుల్ మీద చోటుంటే నేను మీడియమే తీసుకోమంటాను. కానీ లాప్‌టాప్ పక్కన పలక పట్టేలా ఉందో లేదో ముందు పాత క్యాలెండర్ అట్ట కత్తిరించి పెట్టి చూడండి.

స్క్రీన్ ఉన్నదాని మంచి చెడూ

దాని గొప్ప దానిది. ఎక్కడ గీస్తే అక్కడ కనిపిస్తుంది. సన్నని వివరాలు, జుట్టు గీతలు, ఇంకింగ్ చేసేటప్పుడు చాలా హాయిగా ఉంటుంది. కాగితం మీద బాగా గీసే పిల్లలు దీనిమీద మొదటి రోజే మంచి బొమ్మ వేసేస్తారు. అది చూసి మనమూ మురిసిపోతాం.

కొనేటప్పుడు చూడాల్సినవి మాత్రం డబ్బా మీద ఉండవు. అద్దం మందంగా ఉంటే పెన్ను మొన ఒకచోట, గీత కాస్త పక్కన పడినట్టు కనిపిస్తుంది. స్క్రీన్‌కీ అద్దానికీ మధ్య ఖాళీ లేకుండా అతికించిన ఫుల్ లామినేటెడ్ రకంలో ఈ బాధ తక్కువ. తర్వాత మీ లాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ పోర్టు ఉందా? "టైప్ సి ఉంది కదా" అని ధైర్యపడకండి. చాలా లాప్‌టాప్‌ల టైప్ సి పోర్టు నుంచి బొమ్మ రాదు, ఛార్జింగూ డేటా మాత్రమే. మా నాన్నగారింటికి (అంటే పైన చెప్పిన పాప వాళ్ల నాన్నగారింటికి, ఇప్పుడు వాళ్లు మాకు బంధువుల్లాగే) ఈ అడాప్టర్ కోసం రెండుసార్లు షాపు చుట్టూ తిరగాల్సి వచ్చింది.

ఈ డిస్‌ప్లేలలో చాలావాటికి సొంత బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే లాప్‌టాప్ నడుస్తుంది, ఇది ఆరిపోతుంది. పలకకి ఆ దిగులు లేదు, లాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి వచ్చే కాస్త కరెంటుతోనే పనిచేస్తుంది.

మెడ సంగతి మరీ ముఖ్యం. స్క్రీన్‌ని బల్ల మీద పడుకోబెట్టి గీస్తే పిల్లలు దానిమీదికి వంగిపోతారు, గంట తర్వాత ముక్కు అద్దానికి తగిలేలా ఉంటారు. కొంటే స్టాండు కూడా కొనండి, వాలుగా నిలబెట్టండి. స్క్రీన్ లేని దాంట్లో తల నిటారుగా ఉండి చూపు ఎదురుగా ఉంటుంది. హోమ్‌వర్కు, ట్యూషన్, ఆన్‌లైన్ టెస్టుల తర్వాత మన పిల్లల మెడలకి ఇంకో గంట వంపు అవసరమా అన్నది మీరే ఆలోచించండి.

నా మాట

పిల్లలు నాలుగో తరగతి లోపువాళ్లైతే రెండూ వద్దు. కాగితం, క్రేయాన్లు, నేల మీద సుద్దముక్క.

ఐదు నుంచి పది దాకా, ఇంట్లో ఓ మాదిరి లాప్‌టాప్ ఉంటే స్క్రీన్ లేని పలకతో మొదలుపెట్టండి. క్రిటా అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, విండోస్‌లో బాగా నడుస్తుంది. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన దొంగ ఫోటోషాప్ మాత్రం వేయకండి. వైరస్ మాట అటుంచి, దొంగిలించిన పనిముట్టుతో బొమ్మ గీయడం పిల్లలకి మనం నేర్పాల్సింది కాదు. లాప్‌టాప్ లేకపోతే, ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఓటీజీతో తగిలే పలకలు ఉన్నాయి. కొనేముందు మీ ఫోన్ మోడల్ ఆ కంపెనీ జాబితాలో ఉందో చూసుకోండి. ఫోన్‌కి తగిలిస్తే పలకలో సన్నటి భాగం మాత్రమే పనిచేస్తుందని కూడా తెలిసి ఉండాలి.

ఎడమచేతి వాటం పిల్లలుంటే పలకని తిప్పి పెట్టి, డ్రైవర్‌లో ఎడమచేయి ఆప్షన్ ఎంచుకోండి. పక్కనుండే బటన్లు కుడివైపుకి వస్తాయి. ఈ సంగతి తెలియక ఓ బాబు ఏడాదంతా మోచేత్తో బటన్లు నొక్కుతూ గీశాడు. అదనపు మొనలు పెట్టెలోనే ఇస్తారు, అరిగినప్పుడు మార్చాలి. లేకపోతే పలక మీద గీతలు పడతాయి. పెన్ను పోతే ఇంకో కంపెనీ పెన్ను పనిచేయదు. స్కూలు బ్యాగులో వేసుకురావద్దని గట్టిగా చెప్పండి.

స్క్రీన్ ఉన్నది ఎప్పుడు? పలక మీద ఏడాది, రెండేళ్లు ఎవరూ చెప్పకుండా తమంతట తామే గీస్తున్న పిల్లలకి. యానిమేషన్, డిజైన్ వైపు వెళ్లాలని నిర్ణయించుకుని పోర్ట్‌ఫోలియో తయారుచేసుకుంటున్న ఇంటర్ పిల్లలకి. వారం గడిచినా, నెల గడిచినా చేయీ చూపూ కలవక ఇబ్బందిపడే పిల్లలు కొందరు ఉంటారు. వాళ్లకి ముందే కొన్నా తప్పు లేదు, వాళ్లని పలకతో సతాయించకండి.

డిజైన్ ఎంట్రన్సుల కోసమే టాబ్లెట్ కొంటున్నామనే వాళ్లకి ఒక మాట. ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్‌లో డ్రాయింగ్ భాగం, బీఆర్క్ కోసం జేఈఈలో ఉండే డ్రాయింగ్ భాగం కాగితం మీద చేతితో గీయాల్సినవే. ఏ టాబ్లెట్ కొన్నా స్కెచ్‌బుక్ ఆపకూడదు.

ఆ అమ్మాయి సంగతి చెప్పలేదు కదూ. స్కూల్లో ఉన్న ఒక పాత పలకని రెండు నెలలు ఇంటికి ఇచ్చి పంపాను. దానిమీద అప్పటికే బోలెడు గీతలు, ఒక మూల విరిగింది. "పాడైతే ఏం కాదు, పాడు చెయ్యి" అన్నాను. రెండు నెలల తర్వాత పలకతో పాటు పెన్‌డ్రైవ్ తెచ్చింది. అందులో అరవైకి పైగా బొమ్మలు, సగం మధ్యలో వదిలేసినవే. వాళ్ల నాన్నగారు ఆ సగం బొమ్మలు చూసి ఒక్క మాటా అనలేదట, వాళ్ల అత్తయ్యకి ఫోన్‌లో పంపించారట. పదో తరగతి పరీక్షలయ్యాక కబోర్డ్‌లోని స్క్రీన్ తానే బయటికి తీసింది. ఇప్పుడు ఇంటర్‌లో ఉంది, రోజూ దానిమీదే గీస్తోంది.

వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజున ఆర్ట్ రూమ్‌లో ఒక చిన్న పలక, ఒక మీడియం పలక, ఒక పాత డిస్‌ప్లే టేబుల్ మీద పెట్టి ఉంచుతాను. పిల్లల్ని తీసుకుని రండి, ఒక్కోదానిమీద ఐదు చుక్కల ముగ్గు వేయించి చూద్దాం. మీరూ వేయవచ్చు. మీ లాప్‌టాప్ తెచ్చుకుంటే ఏది తగులుతుందో, ఏది తగలదో అక్కడే తేల్చేస్తాం. దాని పాస్‌వర్డ్ తెలిసినవాళ్లని కూడా వెంట తీసుకురావడం మర్చిపోకండి.